ఆరున్నరకు మూసే గేటు

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్లు. గుంటూరు జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం చదువుతూ అక్కడి హాస్టల్లోనే ఉంటున్నాను. మా హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకు మూసేస్తారు. అబ్బాయిల హాస్టల్ గేటు తొమ్మిదింటికి మూస్తారు. ఆదివారం బయటికి వెళ్లాలన్నా నాన్న వార్డెన్‌కు ఫోన్ చేసి చెప్పాలి. విజయవాడలో రాత్రంతా జరిగే ప్రాజెక్టు పోటీకి మా జట్టు ఎంపికైంది. నలుగురిలో ఇద్దరం అమ్మాయిలం. ప్రోగ్రాం చాలావరకు రాసింది నేనే. నాన్న ఒప్పుకోలేదు, వార్డెన్ పంపలేదు. అబ్బాయిలిద్దరే వెళ్లి బహుమతి తెచ్చారు. ‘ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా చిరిగేది ఆకే’ అంటారు నాన్న. నలుగురి నోళ్లలో పడితే రేపు సంబంధాలు రావంటుంది మేనత్త. అమ్మ ఏమీ మాట్లాడదు. ఆ కోపంలో పోయిన నెల స్నేహితురాలి అక్క పెళ్లి అని అబద్ధం చెప్పి, రెండు రోజులు విజయవాడ వెళ్లి వచ్చాను. తప్పు చేశానన్న బాధ ఉంది, మళ్లీ చేస్తానేమోనన్న భయమూ ఉంది. మా వయసువాళ్లకు పెట్టే కట్టుబాట్లు నిజంగానే మరీ కఠినమైనవా, లేక నాకే ఓర్పు లేదా?
— ఒక విద్యార్థిని

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. మీకు ఓర్పు లేకపోవడం కాదు, మీ హాస్టల్ గేటు వేళ తప్పు. ఈ మాట తేలిగ్గా అనడం లేదు, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాంటి గేటుకు తాళం వేయించిన మనిషినే. ఒక కళాశాలలో తెలుగు పాఠం చెబుతూ, పదకొండేళ్లపాటు అమ్మాయిల హాస్టల్‌కు డిప్యూటీ వార్డెన్‌గా పనిచేశాను. మాది ఏడు గంటల గేటు. ఏడు దాటాక వార్డెన్ చీటీ లేనిదే తీయకూడదని వాచ్‌మన్‌కు కాగితం మీద రాసిచ్చింది నేనే.

ఒక కార్తీక మాసంలో సోమవారం సాయంత్రం, ఇంటికి వెళ్లి తిరిగి వస్తున్న ఒక అమ్మాయి రేపల్లె పాసింజర్ ఆలస్యం కావడంతో ఏడూ పదికి గేటు దగ్గరికి చేరింది. నేను ఆ సమయానికి మెస్సులో సరుకుల లెక్క చూస్తున్నాను. వాచ్‌మన్ నేను రాసిచ్చిన కాగితం ప్రకారం గేటు తీయలేదు, నన్ను వెతికి చీటీ తెచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ ఆ అమ్మాయి, దీపం కూడా సరిగ్గా వెలగని ఆ రోడ్డు మీద, ఎదుటి టీ బంకు ముందు సంచీ ఒళ్లో పెట్టుకుని వానలో కూర్చుంది. లోపలికి వచ్చాక నాతో ఒక్క మాటా అనకుండా రైలు టికెట్టు తీసి నా చేతిలో పెట్టింది. తడిసి మెత్తబడిన అట్ట టికెట్టు అది. తాను అబద్ధం చెప్పడం లేదని రుజువు చూపించుకోవడం తప్ప ఆ క్షణాన ఆమెకు ఇంకేమీ తోచలేదు. నేను రిజిస్టరులో ‘ఆలస్యం’ అని రాసి సంతకం చేయించాను. చీకటి పడ్డాక ఆడపిల్ల రోడ్డు మీద ఉండకూడదని పెట్టిన నిబంధన, ఒక ఆడపిల్లను చీకట్లో రోడ్డు మీద కూర్చోబెట్టిందని నాకు అర్థం కావడానికి ఆ తరవాత చాలా రోజులు పట్టింది. అప్పటినుంచి ఏడుకు అందుకోలేమనుకున్న పిల్లలు అసలు రావడమే మానేశారు. బంధువుల ఇంట్లో ఉండిపోయామని మర్నాడు చెప్పేవారు. వాళ్లలో ఇద్దరు రాత్రంతా రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూములో గడిపారని, వాళ్ల చదువు పూర్తయి వెళ్లిపోయాక గాని నాకు తెలియలేదు.

అందుకే, నిబంధన కఠినమా కాదా అన్న కొలత నాకు సరిపోదు. యువతకు మేలు చేసిన కట్టుబాట్లలో చాలా కఠినమైనవీ ఉన్నాయి. ర్యాగింగ్‌ను నేరంగా ప్రకటిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది, 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దేశమంతటికీ నియమావళి తెచ్చింది. దాని కింద ర్యాగింగ్ చేసినవారిని కాలేజీ నుంచి పంపించివేయవచ్చు, పోలీసు కేసు పెట్టవచ్చు. అంత కఠినమైన నియమం మీద మీ తరంవారు నాకు ఉత్తరం రాసిన గుర్తు లేదు. ఎందుకంటే ఆ నియమం బరువు తప్పు చేసేవాడి మీద పడుతుంది. మీ గేటు నియమం బరువు మాత్రం ఏ తప్పూ చేయని మనిషి మీద పడుతోంది. పైగా ఎందుకని అడిగితే దానికి జవాబు లేదు. మొదటి సంవత్సరం పదిహేడేళ్ల పిల్లకూ, నాలుగో సంవత్సరంలో ఉద్యోగం వచ్చి చేరబోతున్న మనిషికీ అదే ఆరున్నర కావడం ఇంకా పెద్ద లోపం. పిల్లలు ఎదుగుతున్నకొద్దీ సడలని నియమం వాళ్ల ఎదుగుదలను లెక్కలోకి తీసుకోవడం లేదన్నమాట.

కుర్రతనానికి అసలు నియమాలంటేనే పడదని పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తుకు వస్తారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు, అక్కడి ప్రదర్శన ద్వారం దగ్గర టికెట్టు చూసి పంపే స్వచ్ఛంద సేవికగా ఆమె నిలబడ్డారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. టికెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె లోపలికి వెళ్లనివ్వలేదు, నిర్వాహకులు టికెట్టు కొని ఇచ్చిన తరవాతే పంపించారు. రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్లకే పెళ్లి చేయబడి, పెద్దయ్యాక ఆ పెళ్లి నుంచి తానే బయటికి వచ్చిన మనిషి ఆమె. తన ఇష్టం లేకుండా తన మీద పడిన కట్టుబాటును కాదన్న ఆమే, అందరికీ సమానమైన నియమాన్ని నెహ్రూ అంతటివారి ముందూ సడలించలేదు. ఈ రెండూ ఒకే స్వభావంలో ఉండగలవని మీ నాన్నగారికి చెప్పండి. మీ ఉత్తరం చదివితే మీదీ ఆ స్వభావమేననిపించింది. మీరు గేటే వద్దనడం లేదు, అబ్బాయిలకు తొమ్మిదైతే మాకు ఆరున్నర ఎందుకని అడుగుతున్నారు.

ఇక ఆకూ ముల్లూ సామెత. మా అమ్మమ్మ కూడా అదే సామెత చెప్పేది, చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఉన్నది ప్రేమే. మీ నాన్నగారి గొంతులోనూ అదే ఉంటుందని నమ్ముతాను. రాత్రిపూట ఊరి బస్సు దిగి కాలేజీ దాకా నడిచే దారిలో ఆడపిల్లకు భయం లేదని నేను అనను. అయితే ముల్లు ఉందని తెలిసి కూడా ఊరంతా కలిసి ఆకును మాత్రమే దాచిపెడుతూ పోతే, ఆ ముల్లు అలాగే ఉండి రేపు ఇంకో ఆకును చీరుతుంది. 2017 సెప్టెంబరులో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థినిపై వేధింపు జరిగింది సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో, అదీ క్యాంపస్ లోపలే. ఆ వేళప్పుడు బయట నీకేం పని అని తిరిగి ఆమెనే అడిగారని తోటి విద్యార్థినులు చెప్పారు, గేటు ముందు బైఠాయించారు. వాళ్లు అడిగినవాటిలో దారిలో దీపాలు, కాపలా, ఫిర్యాదు వినే మనుషులు ఉన్నాయి. ఆరున్నర గేటు ఈ మూడింటిలో ఒక్కటీ ఇవ్వదు. తాళం కప్పకు అయ్యే ఖర్చుతో పోలిస్తే దీపాలకూ బస్సుకూ ఖర్చు ఎక్కువ కాబట్టి చాలా యాజమాన్యాలు తాళంతోనే సరిపెడతాయన్నది నా అనుభవం.

ఈ విషయంలో నియమావళి మీ పక్షానే ఉంది. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ తెచ్చిన 2015 నియమావళిలో, భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని వివక్షాపూరితమైన నిబంధనలను అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని స్పష్టంగా ఉంది. భద్రత పేరుతో మితిమీరిన నిఘా పెట్టడం, తిరిగే స్వేచ్ఛను కుదించడం తగదని కూడా అందులోనే ఉంది. 2022లో కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థినులు తమ హాస్టల్ రాత్రి తొమ్మిదిన్నర గేటు మీద కేరళ హైకోర్టుకు వెళ్లినప్పుడు, అమ్మాయిలను మాత్రమే ఎందుకు బంధించాలని న్యాయమూర్తి ప్రభుత్వాన్ని నిలదీశారు. దాంతో ఆ డిసెంబరులో అక్కడి ప్రభుత్వం అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకే వేళ నిర్ణయించింది. రెండో సంవత్సరం నుంచి ఆ వేళ దాటి వచ్చేవారు రిజిస్టరులో రాసి లోపలికి వెళ్లే వీలు కల్పించింది. గమనించారా, వాళ్లు అన్యాయమని కోర్టుకు వెళ్లింది తొమ్మిదిన్నర మీద. మీది ఆరున్నర.

మేనత్తగారు అన్న మాట దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో అసలు సంగతి అక్కడ ఉందని నాకు అనిపించింది. భద్రత అని పైకి చెప్పే చాలా నిబంధనల అడుగున సంబంధం ఉంటుంది. పిల్లకు ఏమైనా జరుగుతుందేమో అన్న భయం కంటే, పిల్ల గురించి ఎవరైనా ఏమైనా అంటారేమో అన్న భయం కొన్ని ఇళ్లలో పెద్దది. కులం లోపల, తెలిసినవాళ్ల లోపల పెళ్లి కుదరాలంటే పిల్ల పేరు ఎవరి నోటా రాకూడదు. బహుమతి వచ్చిందని పేపర్లో పడ్డా కొందరికి ఇబ్బందే. ఈ భయాన్ని భద్రత అని పిలుస్తున్నంతకాలం మీరు దీపాల గురించీ బస్సు గురించీ ఎంత చెప్పినా వాదం ముందుకు సాగదు, ఎందుకంటే ఎదుటివారు మాట్లాడుతున్నది వాటి గురించి కాదు. నలుగురూ అన్న ఆ మాటకు మన ప్రాంతంలో చాలా చరిత్ర ఉంది. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన రోజుల్లో చదువుకున్న పిల్లను ఎవరు చేసుకుంటారన్నారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు దానికి సాయపడినవారిని వెలివేశారు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు పద్నాలుగని అంటే, ధర్మం మంటగలిసిందని గొడవ చేసినవారున్నారు. ఆ వయసు పద్దెనిమిది కావడానికి 1978 దాకా ఆగాల్సి వచ్చింది. చదువుకున్న పిల్ల మాకు వద్దన్న నలుగురి వారసులే ఈ రోజు బీటెక్ పిల్ల కావాలని మధ్యవర్తులకు చెబుతున్నారు. వాళ్ల మాట ముప్పై ఏళ్లకొకసారి మారుతుంది. మారిన ప్రతిసారీ, అంతకుముందు వాళ్ల మాటకు కట్టుబడి ఏదో ఒకటి వదులుకున్న ఆడపిల్లకు మాత్రం ఆ వదులుకున్నది తిరిగి రాదు. మీకు ఆ పోటీ తిరిగి రానట్టే.

అబ్బాయిల మీద కట్టుబాట్లు లేవని కాదు. ర్యాంకు, ఉద్యోగం, అప్పు, ఏడవకూడదన్న శాసనం వాళ్లనూ నలిపేస్తున్నాయి, అది మరో ఉత్తరానికి తగినంత పెద్ద విషయం.

మీ అబద్ధం సంగతికి వస్తాను. మీరు చేసింది తప్పే. విజయవాడ వెళ్లినందుకు కాదు, ఆ రెండు రోజులు మీరెక్కడున్నారో మీ మనుషుల్లో ఒక్కరికీ తెలియకుండా ఉన్నందుకు. దారిలో బస్సు బోల్తా పడి ఉంటే మీ నాన్నగారు ఎక్కడ వెతకాలో తెలియక పెళ్లింటికి ఫోన్ చేసేవారు. అయితే ఈ తప్పులో మీకు భాగస్తులున్నారు. నిజం చెబితే ‘వద్దు’ తప్ప మరో జవాబు రాదని ఇరవై ఏళ్ల మనిషికి ముందే తెలిసిన ఇంట్లో అబద్ధం పుట్టకపోతేనే ఆశ్చర్యం. వెయిటింగ్ రూములో పడుకున్న నా విద్యార్థినుల అబద్ధంలో నా వంతు ఎంతో, మీ అబద్ధంలో ఆ ఆరున్నర వంతు అంత. మళ్లీ చేస్తానేమోనని భయపడుతున్నారు కాబట్టి ఒకటి అడుగుతాను: ఈసారి ఎక్కడికి వెళ్లినా, నాన్నగారికి చెప్పలేకపోయినా, మీరు నమ్మే ఒక పెద్దమనిషికి, ఒక లెక్చరర్‌కో పిన్నికో, ఎక్కడ ఉన్నారో ఎప్పుడు వస్తారో నిజం చెప్పి వెళ్లండి. ఫోనులో అత్యవసర సహాయ నంబరు 112 ఒక్క నొక్కుతో కలిసేలా పెట్టుకోండి, 181 మహిళల సహాయ నంబరని మీ గదిలో అందరికీ తెలియాలి. ఈ జాగ్రత్త మీ స్వేచ్ఛలో భాగం, దానికి అడ్డు కాదు.

కాలేజీలో చేయాల్సిన పని ఒంటరిగా చేయకండి. ఒక్కరు అడిగితే ఆ ఒక్కరి గురించి ఇంటికి ఫోన్ వెళుతుంది. నలభైమంది సంతకం చేస్తే నలభై ఇళ్లకు ఫోన్ చేయడం కష్టం. ముందుగా హాస్టల్ నిబంధనలు రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఇలా అడిగినప్పుడు చాలాచోట్ల అసలు కాగితమే ఉండదని, ఎప్పుడో ఎవరో చెప్పిన మాటే నడుస్తోందని బయటపడుతుంది. తరవాత ప్రిన్సిపాల్‌కు ఇచ్చే అర్జీలో యూజీసీ 2015 నియమావళిని ప్రస్తావించి, ఇద్దరికీ ఒకే గేటు వేళ కావాలని, ఆలస్యమైనవారిని బయట నిలబెట్టకుండా లోపలికి తీసుకుని రిజిస్టరులో రాసే పద్ధతి కావాలని, పోటీలకూ ఇంటర్వ్యూలకూ కాలేజీ తరఫున వెళ్లేవారితో ఒక అధ్యాపకురాలిని పంపాలని, మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా దీపాలు వేయాలని అడగండి. గొంతు పెంచకుండా, ఒక్క కఠినమైన మాట కూడా లేకుండా రాయండి. అర్జీ అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. జవాబు రాకపోతే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లవచ్చు, ప్రతి కాలేజీలోనూ అది ఉండాలి. వార్డెన్‌ను శత్రువుగా చూడకండి. రాత్రి పదిన్నరకు ఒక తండ్రి ఫోన్ చేసి మా అమ్మాయి ఏదని అడిగితే జవాబు చెప్పాల్సింది ఆమే, ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. రిజిస్టరు పద్ధతి వస్తే అందరికంటే ముందు ఊపిరి పీల్చుకునేది ఆమేనని ఆమెకు చెప్పండి.

నాన్నగారితో హక్కుల గురించి మొదలుపెట్టకండి. పద్దెనిమిదేళ్లకు మనిషి మేజరని 1875 నుంచీ చట్టం ఉంది. ఓటు వయసును ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దించిన అరవై ఒకటో రాజ్యాంగ సవరణ 1989 నుంచి అమల్లో ఉంది. అంటే, రాష్ట్రాన్ని ఎవరు పాలించాలో నిర్ణయించే మనిషికి ఆదివారం బజారుకు వెళ్లడానికి తండ్రి ఫోన్ కావాల్సి వస్తోంది. ఇవన్నీ నిజాలే, మీ మనసులో ధైర్యం కోసం ఉంచుకోండి. కానీ కూతురు చట్టం మాట ఎత్తిన వెంటనే చాలామంది తండ్రులకు చెవులు మూసుకుపోతాయి. ఆ ప్రాజెక్టు చూపించండి. ఎన్ని రాత్రులు కూర్చుని రాశారో, ఏ భాగం మీదో, వేదిక మీద మరొకరు దాన్ని తమదిగా చెబుతుంటే హాస్టల్ గదిలో మీరు ఫోనులో ఎలా చూశారో చెప్పండి. తన కూతురికి ఏమీ కాకుండా కాపాడానని ఆయన అనుకుంటున్నారు. ఆ రాత్రి మీకు ఏమైందో ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. తరవాత ఒక చిన్న మెట్టు అడగండి: వచ్చే పోటీకి మేడమ్ వెంట వెళ్లి, ఆయన అడిగిన వేళకు ఫోన్ చేసి, చెప్పిన వేళకు తిరిగి వస్తానని. ఒప్పుకుంటే ఆ మాట నిమిషం తేడా లేకుండా నిలబెట్టుకోండి. అబద్ధం సంగతి కూడా ఏదో ఒకరోజు మీరే చెప్పాలి. ఆయన ఇంకొకరి నోటివెంట వినకముందే చెప్పండి, కానీ ఇదే సంభాషణలో వద్దు.

అంతకుముందు చేయాల్సింది ఒకటి ఉంది. మీ ఉత్తరంలో నాన్నగారి మాటా మేనత్తగారి మాటా ఉన్నాయి. అమ్మగారి గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: ఏమీ మాట్లాడదని. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు, మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ఆమె పక్కన కూర్చుని, ఇరవై ఏళ్లప్పుడు నువ్వు ఎన్నింటికి ఇంట్లో ఉండాల్సి వచ్చేదమ్మా అని అడగండి. మీ గొడవ ఎత్తకుండా, ఆమె చెప్పినంతసేపూ వినండి. చెప్పడం పూర్తయ్యాక, నాన్నతో మాట్లాడేటప్పుడు నువ్వు నా పక్కన కూర్చుంటావా అని అడగండి. ఏమన్నారో నాకు రాయండి.